పొడుగు తొట్టి

డైరెక్టరు జీపుని గేటు బయటే ఆపించి, డ్రైవర్ని అందులోనే కూర్చోమని, ఒక్కడే నడిచి లోపలికి వస్తుంటే పెద్దక్కకి అనుమానం వచ్చింది. మామూలుగా అయితే జీపు షెడ్డు గుమ్మం దాకా వస్తుంది. ఆయన దిగకుండానే కిటికీలోంచి నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్లిపోతాడు.

ఆమె అప్పుడు పొడుగు తొట్టి గట్టు మీద గొంతుక్కూర్చుని మేత చల్లుతోంది. మేత అంతా ఒకేచోట పడకుండా, వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెం జారనిస్తూ చెయ్యి ఊపుతోంది. పడ్డచోటల్లా నీళ్లు మరుగుతున్నట్టు కదులుతున్నాయి. తొట్టి నిండా వేలెడేసి చేపపిల్లలు. ఆ ప్రభుత్వ చేపల కేంద్రంలో, వానలు పడగానే ఏట్లో వదలడానికి తయారుగా ఉన్నవి ఇవే. అవతల గుండ్రటి తొట్లలోవి ఇంకా అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

"పెద్దక్కా, ఒక మాట," అన్నాడు డైరెక్టరు. వయసులో ఆమెకంటే పెద్దవాడే అయినా, కేంద్రంలో అందరూ పిలిచినట్టే ఆయనా పిలుస్తాడు.

ఆమె లేచి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. "చెప్పండి సార్."

"గురువారం పొద్దున అసెంబ్లీ కమిటీ వస్తోంది. బడ్జెట్టుకి ముందు మన శాఖవన్నీ చూస్తూ తిరుగుతున్నారు. అడవులు, నీళ్లు, చేపలు, అన్నీ కలిపి ఒకే మూట కదా. ఆ మూటలోంచి ఏం తీసెయ్యొచ్చో చూసుకోడానికే ఈ తిరుగుడు."

"రానివ్వండి సార్. రెండ్రోజులుంది. కడిగి అద్దంలా పెడతాం."

"అదే వద్దు," అన్నాడాయన.

పెద్దక్కకి అర్థం కాలేదు. డైరెక్టరు తొట్టిలోకి వంగి, నీళ్ల మీద తేలుతున్న ఎండుటాకు ఒకటి తీసి పక్కన పడేశాడు. ఆయన చెప్పు అడుగు ఊడితే ఎవరో మేకు కొట్టారు. ఆ మేకు తల కనపడుతోంది. జీపులో డీజిలు కూడా ఈ నెల ఆయనే సొంత డబ్బుతో పోయిస్తున్నాడని డ్రైవరు చెప్పగా ఆమె విన్నది.

"కిందటేడు దిగువ కేంద్రానికి వచ్చారు. వాళ్లూ నీలాగే అద్దంలా పెట్టారు. కమిటీ వాళ్లు చూశారు, బాగుందన్నారు, టీ తాగారు. బాగానే నడుస్తోందిగా, ఇంకా డబ్బెందుకన్నారు. ఏడాది తిరిగేసరికి ఏమైంది? ఇప్పుడా తొట్లలో మేకలు పడుకుంటున్నాయి." ఆయన గొంతు తగ్గించాడు. "పైపు మార్చాలని మూడేళ్లుగా రాస్తున్నాను. మీ తమ్ముడు ఎన్ని అతుకులు వేశాడో వాడికే తెలియాలి. కాగితం మీద రాస్తే ఎవరికీ ఎక్కట్లేదు. రోడ్లకి నోరుంది, ఆస్పత్రులకి నోరుంది. చేపకేం నోరుంది చెప్పు?"

"అయితే ఏం చెయ్యమంటారు?"

"పాత మోటారు గురువారం పొద్దున్నే ఆపెయ్. ఈ ఒక్క తొట్టికి నీళ్లెక్కేది దాంతోనేగా. వాళ్లొచ్చేసరికి పిల్లలు ఊపిరాడక పైకొస్తాయి. కళ్లారా చూస్తారు. వాళ్లటు వెళ్లగానే మళ్లీ వేసెయ్."

"చచ్చిపోతాయి సార్."

"ఏవో కొన్ని పోతాయి. కొంగలు ఎత్తుకుపోవడం లేదూ? అలా అనుకో."

పైపు చివర రంధ్రాల్లోంచి నీళ్లు జల్లులా తొట్టిలో పడుతున్నాయి. ఆ చప్పుడు మధ్య డైరెక్టరు ఇంకా ఏదో అన్నాడు. మొదట వినపడలేదు. రెండోసారి దగ్గరికొచ్చి అన్నాడు. "నాకూ మనసొప్పట్లేదు పెద్దక్కా. కానీ ఈసారి ఈ కేంద్రం కూడా పోతే నా చేతుల మీదుగా మూసింది మూడోది అవుతుంది. ఆలోచించుకో. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి."

మధ్యాహ్నం ఆమె ఏటి ఒడ్డుకి వెళ్లింది. తమ్ముడు ఛాతీ లోతు నీళ్లలో నిలబడి పాత ట్యూబు ముక్కలు పైపుకి చుట్టి తీగతో బిగిస్తున్నాడు. కేంద్రంలో మోటార్లూ పైపులూ వాడి పనే. రోజుకూలీ. పని ఉన్నరోజు జీతం, లేనిరోజు లేదు. పేరుకి ఇనుప పైపే గానీ, వేలితో గీకితే బిస్కెట్టులా రాలుతుంది.

ఆమె చెప్పిందంతా విని వాడు కటింగ్ ప్లయర్ నోట్లోంచి తీశాడు. "డైరెక్టరుకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందన్నమాట."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వులాట కాదక్కా. ఇటు చూడు." అతుకు పక్కనే ఇంకోచోట బొటనవేలు పెట్టి నొక్కాడు. అక్కడా నీళ్లు చిమ్మాయి. "నేను దీనికి కట్లు కట్టడం కాదు, ఇది నాకు కట్లు కడుతోంది. ఏదో ఒకరోజు నేను లేనప్పుడు నడుం విరిగినట్టు విరుగుతుంది. ఆ రోజు ఒక తొట్టి కాదు, అన్నీ పోతాయి. అప్పుడు చూడ్డానికి ఏ కమిటీ ఉండదు. చచ్చేవేవో నలుగురూ చూస్తుండగా చస్తే పనికొస్తాయి."

సాయంత్రం ఇంట్లోనూ అదే మాట. పెద్దక్క మొగుడు దర్జీ. గుమ్మం పక్కన మిషను పెట్టుకుని, చీకటి పడేదాకా అక్కడే కుడుతుంటాడు. తమ్ముడూ మరదలూ వెనక గదిలో ఉంటారు. మరదలికి నెలలు నిండుతున్నాయి. గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని బొత్తాలు కుడుతోంది.

"మీ చేపలకి కూడా బడ్జెట్టేనా?" అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను, నా మిషను బెల్టుకి ఒక్క ప్రభుత్వమూ రూపాయి పెట్టలేదు."

"నువ్వు కూడా మిషను ఆపి కూర్చో బావా, కమిటీ వస్తుంది," అన్నాడు తమ్ముడు. మరదలు కిసుక్కున నవ్వింది.

పెద్దక్క నవ్వలేదు. "గుడ్డు నుంచి పెంచినవిరా అవి. చెయ్యి పెడితే చేతి చుట్టూ మూగుతాయి."

"పెంచింది నువ్వేగా అక్కా. అందుకే నిన్నడిగాడు." తమ్ముడు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. నవ్వు పోయింది. "కేంద్రం మూసేస్తే నిన్ను ఇంకో ఆఫీసులో వేస్తారు. నువ్వు పర్మనెంటు. నన్నెవరు వేస్తారు? వలలు బాగుచేసే ఆ ముసలి వలలమ్మని ఎవరు వేస్తారు? పైపు పని వస్తే నా ఉద్యోగం కూడా ఖాయం చేస్తానని డైరెక్టరు అప్పుడెప్పుడో అన్నాడు. నా కోసం అడగట్లేదు. సరే, నా కోసమే అడుగుతున్నాననుకో. తప్పా?"

మరదలు బొత్తాం కుట్టడం ఆపింది గానీ తలెత్తలేదు. దర్జీ మిషను తొక్కుతూ, తనకి సంబంధం లేనట్టు గుడ్డ తిప్పాడు. పెద్దక్క చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. మేత వాసన ఎంత రుద్దినా పోదు. చివరికి, "సరే," అంది. "కానీ స్విచ్ నేనే ఆపుతాను. నువ్వు ముట్టుకోవద్దు."

గురువారం సూర్యుడు పైకొస్తుండగా ఆమె స్విచ్ ఆపింది. మోటారు మూలిగినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. పైపు చివర జల్లు సన్నబడింది, తర్వాత చుక్కలు చుక్కలుగా కారింది, తర్వాత అదీ లేదు. ఆ తొట్టి దగ్గర ఇంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. షెడ్డు అరుగు మీద వలలమ్మ చిరిగిన వల బాగుచేస్తోంది. ముసలిది పళ్లతో దారం తెంపిన చప్పుడు కూడా వినపడింది.

"మోటారు పోయిందా పెద్దక్కా?" అని అడిగింది వలలమ్మ.

"ఆఁ," అంది పెద్దక్క.

కాసేపు ఏమీ కాలేదు. చేపపిల్లలు ఎప్పట్లాగే గుంపులుగా ఇటు నుంచి అటు తిరిగాయి. తర్వాత మూలల్లో ఒకటీ అరా పైకొచ్చాయి. తర్వాత గట్టు పొడుగునా వచ్చాయి. చూస్తుండగానే తొట్టి మొత్తం మీద సన్నటి వాన పడుతున్నట్టు చుక్కలు చుక్కలుగా నోళ్లు లేచాయి. మసక నీళ్లలో తెల్లటి చిన్న చిన్న నోళ్లు, తెరుచుకుంటూ మూసుకుంటూ.

"ఇంకెంతసేపట్లో వస్తారు?" అన్నాడు తమ్ముడు. వాడు పొద్దున నుంచి ఒక్కచోట నిలబడలేదు. గేటు దాకా వెళ్తాడు, వస్తాడు.

ఫోన్ మోగింది. డైరెక్టరు గొంతు కారు చప్పుడులో తెగి తెగి వినిపించింది. "దారిలో అడవుల వాళ్ల నర్సరీ దగ్గర ఆగారు. అక్కడి ఆఫీసరు వదలట్లేదు, మొక్క మొక్కకీ కథ చెప్తున్నాడు. ఒక్క అరగంట ఓపిక పట్టు."

అరగంట దాటింది. ఎండ తొట్టి సగం దాకా పాకింది. నీళ్లలో ఒక్కొక్కటిగా తెల్లటి పొట్టలు తిరగబడ్డాయి. మొదట వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. తర్వాత లెక్కకి అందలేదు. బతికున్నవి చచ్చినవాటిని తోసుకుంటూ పైకొస్తున్నాయి.

"అక్కా, ఇంక చాలు. వేసెయ్."

"ఆగు."

"చస్తున్నాయి అక్కా."

"నాకు కళ్లు లేవా? ఇప్పుడు వేస్తే ఇందాకట్నుంచి చచ్చినవన్నీ దండగ. వాళ్లొచ్చేసరికి నీళ్లు పడుతుంటాయి. ఇంతేనా అంటారు. దేనికి చంపినట్టు మరి?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి తెలుసు. కానీ గొంతు వేరేగా ఉంది. గట్టిగా, పొడిగా. తమ్ముడు ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసి, స్విచ్ బోర్డు వైపు నడిచాడు. పెద్దక్క వాడికంటే ముందు వెళ్లి, బోర్డుకి వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో."

"తప్పుకోను. చెయ్యమన్నది నువ్వు. నీ కోసమే అన్నావు."

"అన్నాను! నేనే అన్నాను! ఇలా ఉంటుందనుకోలేదు!" వాడు ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. చిన్నప్పట్నుంచి ఒక్కసారి కూడా అక్క మీద చెయ్యి వెయ్యనివాడు. లాగి, తన చేతిని తానే చూసుకుని వదిలేశాడు. వెళ్లి బకెట్టు తీసుకుని, తొట్టిలోంచే నీళ్లు ముంచి, ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పొయ్యడం మొదలుపెట్టాడు. కాస్తయినా గాలి కలుస్తుందని. ముంచడం, పొయ్యడం. బకెట్టు కింద నురగలో పదో పాతికో పిల్లలు వచ్చి చేరాయి.

"బకెట్టు కింద పెట్టు," అంది పెద్దక్క. "కార్లు వచ్చే టైమైంది."

తమ్ముడు ఆగిపోయాడు. బకెట్టు విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి వలలమ్మ అరుగు దగ్గర ఆగింది. వాడు తడి కాళ్లతోనే గేటు దాటి ఏటి వైపు వెళ్లిపోయాడు.

కార్లు వచ్చేసరికి పొడుగు తొట్టి మీద నీళ్లు కనపడటం లేదు.

కమిటీ అధ్యక్షురాలు అరవై దాటిన మనిషి. దళసరి కళ్లద్దాలు, చేతిలో చిన్న గొడుగు. మిగతావాళ్లు ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఆవిడ గొడుగు పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని, నీళ్లలో చెయ్యి పెట్టి ఒక పిల్లని తీసింది. అది అరచేతిలో ఒకసారి తోక ఆడించి ఊరుకుంది.

"ఎప్పట్నుంచి ఆగిపోయింది?"

"తెల్లారినప్పట్నుంచండీ," అంది పెద్దక్క.

"మోటారా, పైపా?"

పెద్దక్క డైరెక్టరు వైపు చూసింది. ఆయన తొట్టి వైపే చూస్తున్నాడు. మొహం పాలిపోయింది. ఏవో కొన్ని అనుకున్నవాడు ఆయన కూడా.

"పైపు మొత్తం అతుకులేనండీ. మూడేళ్లుగా అడుగుతున్నాం."

ఒక్కో మాటా విడివిడిగా చూస్తే అబద్ధం కాదు. అధ్యక్షురాలు లేచి, తడి చెయ్యి పెద్దక్క భుజం మీద వేసింది. "పెంచిన చేతులకి ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. మా ఇంట్లో గొర్రెలుండేవి. రోగమొచ్చి ఒకే వారంలో మంద మొత్తం పోయింది. మా నాన్న ఆ దొడ్డి వైపు మళ్లీ వెళ్లలేదు. ఏడుపొస్తే ఏడువు, దాచుకోకు." ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఎవరో ఫోటో తీశారు.

పెద్దక్కకి ఏడుపు రాలేదు. భుజం మీద ఆ చెయ్యి ఉన్నంతసేపూ ఊపిరి బిగపట్టి నిలబడింది.

కార్లు వెళ్లాక స్విచ్ వేసింది. మోటారు మూలిగి లేచింది. జల్లు తెల్లటి పొట్టల మీద టపటపా పడింది. పైపు చివరి వైపు ఒక్క మూలలో మాత్రం ఏదో కదిలింది. గుప్పెడు మిగిలి ఉంటాయి.

మర్నాడంతా ఎత్తిపొయ్యడమే సరిపోయింది. వలలతో తోడి, తోపుడు బండిలో వేసి, వెనక గోతిలో పోసి, మీద సున్నం చల్లడం. గొయ్యి తమ్ముడు తవ్వాడు. పెద్దక్క బండి తోసుకొస్తే పక్కకి తప్పుకున్నాడు, ఆమె వెళ్లాక మట్టి కప్పాడు. ఆమెతో ఒక్క మాటా లేదు. "పార ఇలా ఇవ్వు," అంటే పార నేల మీద పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం డైరెక్టరు ఫోన్. గొంతులో ఆనందం ఆగట్లేదు. "సాధించాం పెద్దక్కా! పైపు మొత్తం కొత్తది, రెండు కొత్త మోటార్లు. అధ్యక్షురాలు తన చేత్తో రాసింది. రాత్రంతా నిద్ర పట్టలేదటావిడకి. ముందు ఈ కేంద్రం సంగతి తేల్చాకే మిగతావి చూస్తానందట!"

ఆమె ఆ మాట చెప్పగానే చుట్టూ ఉన్న పనివాళ్లు సున్నం చేతులతోనే ఒకళ్లనొకళ్లు చరుచుకున్నారు. వలలమ్మ మాత్రం వల మడతపెడుతూ, "పోన్లే," అంది. సంతోషమో కాదో తెలియలేదు.

"ఇంకో సంగతి," అన్నాడు డైరెక్టరు. "రేపు ఎగువ కేంద్రానికి వెళ్తున్నారు. అక్కడ తొట్లు చూసుకునే మీసాలాయన సంగతి నీకు తెలుసుగా, వట్టి పిరికివాడు. ఎంతసేపు ఆపాలో, ఎవరేం అడిగితే ఏం చెప్పాలో నువ్వు దగ్గరుండి చూసుకో. ఈసారి మరీ అంత కాకుండా. నీకిప్పుడు అనుభవం ఉందిగా."

పెద్దక్క చేతికంటిన సున్నం తువ్వాలుకి తుడుచుకుంది. "సరే సార్" అన్నది ఆమె నోరే.

రాత్రి భోజనాల దగ్గర దర్జీ అడిగాడు. "రేపు బస్సుకి డబ్బులు తీసుకున్నావు. ఎక్కడికి?"

"ఎగువ కేంద్రానికి."

"ఏం పని?"

"నేర్పడానికి."

"ఏం నేర్పుతావ్?"

తమ్ముడు ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. మరదలు వాడి కంచం వైపు చూస్తూ, "నిన్న కూడా ఇంతే వదినా," అంది మెల్లిగా. "నిద్రలో ఊరికే చేతులు ఆడిస్తున్నారు. ముంచి పోస్తున్నట్టు."

బస్సు దిగేసరికి మీసాలాయన గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, మీసాలు పెద్దవే గానీ గొంతు సన్నం. "రామ్మా పెద్దక్కా, రా. నువ్వొచ్చేసరికి తయారుగా ఉండాలని ఇందాకే ఆపేశాను. సరిగ్గానే ఆపానంటావా?"

పెద్దక్క అడుగు ఆగిపోయింది. "ఆపేశావా?"

"మరి తల్లిచేపలు కదా, పెద్దవి. వీటికి ఎక్కువసేపు పడుతుందేమోనని ముందే..."

మిగతా మాట ఆమె వినలేదు. తొట్టి దగ్గరికి వెళ్లింది. మోచేతి పొడుగు చేపలు, గుడ్లతో పొట్టలు నిండినవి, పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చిన్నవాటికి చప్పుడుండదు. వీటికి ఉంది. చప్ చప్ అని, పాలు తాగే పసిపిల్లల నోటి చప్పుడులా. ఒకటి గట్టు దాకా వచ్చి, ఆమె నీడ పడగానే మేత అనుకుని, అంత ఆయాసంలోనూ ఆమె వైపు తిరిగింది.

"స్విచ్ ఎక్కడ?"

"అదిగో షెడ్డులో. ఎందుకమ్మా?"

ఆమె షెడ్డులోకి పరుగెత్తింది. తొందరలో స్విచ్ ఒకసారి తప్పింది. రెండోసారికి పడింది. మోటారు లేచింది.

"అయ్యో, అదేంటమ్మా! డైరెక్టరుగారు నా ప్రాణం తీస్తాడు! వాళ్లు దారిలో ఉన్నారు!"

"నిన్నేం అనరు. నేను చెప్తాను."

"ఏం చెప్తావు?"

అది ఆమెకీ తెలియదు. తొట్టి పక్కన నేల మీద చతికిలబడి, నీళ్లు పడుతున్న వైపే చూస్తూ కూర్చుంది. చేపలు ఒక్కొక్కటే జల్లు కిందికి చేరి, నోళ్లు మూసుకుని, లోపలికి జారుకున్నాయి. మీసాలాయన ఆమె చుట్టూ తిరుగుతూ ఏదేదో గొణుగుతూనే ఉన్నాడు. అంతలోనే కార్ల హారన్లు వినపడ్డాయి.

"ఇక్కడంతా చల్లగా ఉందే!" అంటూ వచ్చింది అధ్యక్షురాలు. మొన్న చూసినదాని తర్వాత ఆవిడకి అది నిజంగానే సంతోషంగా ఉన్నట్టుంది. వెనక డైరెక్టరు పారుతున్న నీళ్లు చూసి, పెద్దక్కని చూసి, కళ్లతోనే ఏంటని అడిగాడు. ఆమె చూపు తిప్పేసింది. అధ్యక్షురాలు ఆమెని గుర్తుపట్టింది. "నువ్విక్కడున్నావేంటమ్మా? మీ తొట్టి ఎలా ఉంది? ఇక్కడేం పని మీద వచ్చావు?"

"నేర్పడానికి వచ్చానండీ."

"ఏం నేర్పడానికి?"

"మోటారు ఎంతసేపు ఆపి ఉంచాలో."

అధ్యక్షురాలి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. అర్థమయ్యే కొద్దీ కొంచెం కొంచెంగా పోయింది.

"మా దగ్గర మోటారు పాడవలేదండీ," అంది పెద్దక్క. "నేనే ఆపాను. మీరు రావడం ఆలస్యమైంది. మా తమ్ముడు వెయ్యమని ఏడ్చాడు. నేను వెయ్యనివ్వలేదు."

"ఎవరు చెప్పారు నీకలా చెయ్యమని?"

పెద్దక్క నేల వైపు చూసింది. "స్విచ్ మీద చెయ్యి నాదేనండీ."

"నేను చెప్పానండీ," అన్నాడు డైరెక్టరు వెనక నుంచి. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు, ఈసారి అందరికీ వినపడేలా. "ఇద్దరికీ నేనే చెప్పాను. వాళ్ల తప్పు లేదు."

అధ్యక్షురాలు ఆయన వైపు తిరగలేదు. పెద్దక్కనే చూస్తోంది. "మొన్న నీ భుజం మీద చెయ్యి వేశాను. గుర్తుందా? మా నాన్న సంగతి చెప్పాను. ఆ మాట నేను నా పిల్లలకి కూడా చెప్పలేదు."

"గుర్తుందండీ."

"మరి ఆ పైపు? అదీ నాటకమేనా?"

"కాదండీ. పైపు నిజంగానే పోయింది. వచ్చి మీ వేలితో మీరే గీకి చూడండి."

"నిజంగానే పోయిందీ." ఆవిడ ఆ మాటని నెమ్మదిగా తిరిగి అంది. "ఇప్పుడు ఆ నిజాన్ని తీసుకెళ్లి నేనెవరికి చెప్పను? అక్కడ రోడ్ల వాళ్లున్నారు, ఆస్పత్రుల వాళ్లున్నారు, అందరూ చేతులు చాపుకుని కూర్చున్నారు. ఈ చేపలవాళ్లది నాటకమట అని ఒక్కడంటే చాలు. అడవులవాళ్లు అడిగింది కూడా నాటకమే అంటారు. ఎవరు నమ్ముతారమ్మా?"

అధ్యక్షురాలు సహాయకుడి చేతిలోంచి కాగితాల కట్ట తీసుకుంది. ఒక కాగితం దగ్గర ఆగి, రెండు గీతలు అడ్డంగా కొట్టింది. "ఉన్నదాంట్లో కోత పెట్టను. రెండు కేంద్రాలూ కిందటేడులాగే నడుస్తాయి. అంతకంటే ఒక్క పైసా అడగలేను. విచారణ వేస్తారు. ఇద్దరూ ఇదే మాట చెప్పండి." కారు ఎక్కి తలుపు వేసుకుంది.

డైరెక్టరు మాత్రం వెళ్లలేదు. తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "నెల రోజులు నోరు మూసుకుని ఉంటే పైపు వచ్చేది పెద్దక్కా," అన్నాడు. కోపంగా కాదు, లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు. ఆమె ఆయన పక్కన ఒక నిమిషం నిలబడింది. తర్వాత, "బస్సుకి టైమైంది సార్," అని వచ్చేసింది.

బస్సు దిగేసరికి తమ్ముడు సైకిలుతో స్టాపులో నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్లాక కూడా వాడు హ్యాండిలు మీద నుంచి చేతులు తియ్యలేదు.

"మీసాలాయన ఫోన్ చేశాడు," అన్నాడు. రెండు రోజుల తర్వాత వాడి గొంతు వినడం అదే.

"ఏమన్నాడు?"

"చెప్పేశావన్నాడు."

"పైపు రాదురా."

"తెలుసు."

"నన్ను సస్పెండ్ చేస్తారు. నీ సంగతి ఏమవుతుందో నాకు తెలీదు."

వాడు వంగి వెనక టైరు బొటనవేలితో నొక్కి చూశాడు. గాలి ఉందో లేదో తేల్చుకోవడానికి అంతసేపు అక్కర్లేదు. అయినా నొక్కుతూనే ఉన్నాడు. వాడి గోళ్ల సందుల్లో ఇంకా సున్నం ఉంది.

"మీ ఆవిడకి ఏం చెప్తావు?" అంది పెద్దక్క.

"చెప్పేశాను."

"ఏమంది?"

"చేతిలో బొత్తాం కుట్టడం పూర్తిచేసింది. తర్వాత, అయితే కానుపు టైముకి వదినకి సెలవు దొరికినట్టేగా, అంది."

పెద్దక్క నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఇంకోలా తిరిగింది. బస్టాపులో నలుగురూ చూస్తుండగా రెండు చేతులతో మొహం కప్పుకుంది. తమ్ముడు సైకిలుకి స్టాండు వేశాడు. మొన్న తను పట్టి లాగిన మణికట్టునే పట్టుకుని, ఆమె ఏడుపు అయ్యేదాకా పక్కన నిలబడ్డాడు.